నా దగ్గిర ఓపెనవతంది

కీబోర్డు బోర్లించి బల్లకేసి కొడితే రాలిన నల్లటి నుసిని సన్యాసిరాజు అరచేతిలోకి కూడదీసి కిటికీలోంచి కిందికి ఊదాడు. కింద తాళ్లూ వలలూ అమ్మే కొట్టుంది. కొట్టువాడు రోజూ ఆ వేళకి పైకి చూసి తిడతాడు. సన్యాసిరాజు రోజూ ఆ వేళకే ఊదుతాడు. రేవు బొగ్గు గాలికి ఆ వీధిలో ఏ వస్తువూ పూట తిరిగేసరికి తెల్లగా ఉండదు. అంచేత ఊదడానికి నుసి కరువు లేదు. పొద్దున్నే ఒకడి చేత తిట్టించుకుంటే గాని అతనికి రోజు మొదలైనట్టుండదు.

యాభై దాటిన మనిషి. మెడ ముందుకి చాపి తెరలోకి చూసి చూసి, లేచి నిలబడ్డప్పుడు కూడా ఆ వంపు అలాగే ఉండిపోయింది. కుడి మణికట్టు బల్ల అంచుకి ఒరుసుకుని కాయ కాసింది. కళ్లజోడు కాడ విరిగితే నల్ల దారం చుట్టాడు. కనుబొమల మధ్య, ఇప్పుడే ఎవరితోనో గొడవపడి వచ్చినట్టు, ఒక ముడి. ఆ ముడి నిద్రలో కూడా విడదని అతని భార్య పుష్ప ఇరుగూ పొరుగూ ఆడవాళ్లతో చెబుతుంది. వాళ్లు నవ్వుతారు. ఆవిడ నవ్వదు.

పాత పోస్టాఫీసు వీధిలో మేడమీద గది అది. రేవులో క్రేన్లు నడిపి రిటైరైనవాళ్ల సంఘం ఆఫీసు. ఒక బీరువా, ఒక బల్ల, గోడకి తీగ ఫోను, ఒకదాంట్లో ఒకటి దూర్చిన ప్లాస్టిక్ కుర్చీలు. సంఘానికి ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఉంది. ఆ పేజీ చూసుకోవడం సన్యాసిరాజు ఉద్యోగం.

పని చెప్పుకోడానికి పెద్దగా ఏమీ ఉండదు. పేజీలో ఒక మాట ఉంటుంది. దానికి ముందొక గుర్తు, వెనకొక గుర్తు తగిలించి, మధ్యలో ఫలానా చోటికి పొమ్మని దారి రాయాలి. అప్పుడా మాట నీలం రంగుకి తిరిగి, కింద ఒక గీత గీసుకుని, నొక్కినవాణ్ణి ఆ చోటికి తీసుకుపోతుంది. అక్కడ పింఛను సర్క్యులరు ఉండొచ్చు, కంటి పరీక్షల శిబిరం వివరాలు ఉండొచ్చు, పోయిన సభ్యుడి శ్రద్ధాంజలి కార్డు ఉండొచ్చు. దీన్ని సన్యాసిరాజు లింకు కట్టడం అంటాడు. ఎవరైనా లింకు పెట్టడం అంటే ఒంటికి కారం రాసినట్టు చూస్తాడు. పెట్టడానికి అదేమైనా తల్లో పువ్వా అంటాడు.

ఆనందపురం దాటి లోపలికి పోతే వచ్చే ఊళ్లో, వంకాయలూ బంతిపూలూ పండించే ఇంట్లో పుట్టాడు. మట్టిలో చెయ్యి పెట్టడం ఇష్టం లేక పట్నం వచ్చాడు. ద్వారకానగర్‌లో మేడమీద ఒక ఇన్‌స్టిట్యూట్‌లో, టై కట్టుకున్న కుర్రాడి దగ్గర పేజీలు తయారుచేయడం నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో ఆ విద్య వచ్చినవాణ్ణి జనం కాస్త వింతగా చూసేవారు. రుషికొండ లాడ్జీలకి, రొయ్యల మేత డీలర్లకి, ఒక పెళ్లిళ్ల పేరయ్యకి పేజీలు చేసిపెట్టాడు. లాడ్జీలు చేతులు మారాయి, డీలర్లు మాట మార్చారు, పేరయ్య ఏకంగా దుకాణం ఎత్తేశాడు. పేజీలు ఒక్కొక్కటే చచ్చాయి. ఇన్‌స్టిట్యూట్ ఉన్న మేడలో ఇప్పుడు పళ్ల డాక్టరున్నాడు. మిగిలింది ఈ ఒక్క పేజీ. ఇది కూడా వచ్చే నెల పోయేదే.

పోగొట్టదలిచినవాడు సంఘం అధ్యక్షుడు అచ్యుతరామయ్య. గోదావరి వైపు నుంచి వయసులో వచ్చి, రేవులో క్రేను ఎక్కి, దిగేసరికి తల పండిపోయిన మనిషి. క్రేను మీంచి కింద ఉన్నవాడికి వినపడేలా అరవడం అలవాటై, ఎదురుగా కూర్చున్నవాడితో కూడా అలాగే మాట్లాడేవాడు. పేజీని రుషికొండలోని ఒక కంపెనీకి అప్పగించి సన్యాసిరాజుని మాన్పించాలని తీర్మానం రాయించాడు. సర్వసభ్య సమావేశంలో చేతులెత్తించడమే తరువాయి. పోయిన సమావేశంలో మైకు పట్టుకుని, ఇక్కడ నొక్కితే అక్కడ తెరుచుకోవడం కూడా ఒక పనేనా, అదీ ఏడిచి చావదు మనవాడికి అన్నాడు. జనం నవ్వారు. సన్యాసిరాజు వెనక వరసలో నిలబడి కాఫీ గ్లాసు వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ నవ్వు ఇప్పటికీ అతని చెవుల్లో అలాగే ఉంది.

నుసి ఊది, కీబోర్డు తుడిచి, పేజీ తెరుస్తుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కార్యదర్శి తిరుమలరావు. ఆయనా క్రేన్ డ్రైవరే. ఆయాసపడుతూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"పెసిడెంటుగారు పోనారు రాజూ. తెల్లారగట్ల. నిద్దర్లోనే."

సన్యాసిరాజు మొహం మీదికి విచారం తెచ్చుకోబోయాడు. కుదర్లేదు. తల వంచుకున్నాడు. తల వంచుకుని, బల్ల కింద తన కాలి వేళ్లకేసి చూసుకుంటూ, తీర్మానం రాయించినవాడే పోయాడు గనక తీర్మానమూ పోయినట్టే అనుకున్నాడు. తిరుమలరావు మెత్తని మనిషి, ఎవరినీ మాన్పించే రకం కాదు. గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆ సంతోషానికి అతను సిగ్గుపడలేదు. పడాలన్న ఆలోచన కూడా రాలేదు.

తిరుమలరావు సంచిలోంచి కార్డు తీశాడు. ఫోటో, పేరు, ఇంటి చిరునామా, మల్కాపురం ఇంటి నుంచి పగలు మూడున్నరకి అంతిమయాత్ర అని. కింద ఆయన సంతకం, పక్కన సంఘం ముద్ర. ఆ ముద్ర లేకపోతే కార్డు చెల్లదు. చెల్లకుండా చేసింది అచ్యుతరామయ్యే.

దానికో కథ ఉంది. ఒకసారి సభ్యుడు దొరబాబు పోయాడని ఎవరో సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. జనం పూలదండలు పట్టుకుని అతనింటికి పోతే, దొరబాబు పెరట్లో లుంగీ కట్టుకుని మీసానికి రంగు వేసుకుంటున్నాడు. దండలు చూసి వాళ్లావిడ పడిపోయింది. పోయింది వేరే దొరబాబు. దాంతో అచ్యుతరామయ్య ఒక ఆర్డరు వేశాడు. చావు కబురు గ్రూపులో ఎవరూ రాయకూడదు. సంఘం పేజీలో లింకు ఉండాలి, లింకు నొక్కితే ముద్ర ఉన్న కార్డు కనపడాలి. కార్డు కళ్లతో చూసేదాకా ఒక్కడూ ఇంట్లోంచి కదలకూడదు. ఆఫీసు ఫోనులో కూడా కబుర్లు చెప్పకూడదు, పేజీ చూసుకోమనే చెప్పాలి. ఒకసారి సన్యాసిరాజు ఎవరికో ఫోనులో నోటిమాటగా చెప్పినందుకు ముసలాయన పూటంతా గడ్డి పెట్టాడు.

తిరుమలరావు లేచాడు. ఇంటి దగ్గర ఏర్పాట్లు చూడాలి. గడప దాటబోతూ వెనక్కి తిరిగి, కార్డు తొందరగా పెట్టమన్నాడు. గాజువాక నుంచీ కూర్మన్నపాలెం నుంచీ రావలసినవాళ్లు ఉన్నారు, ముసలాళ్లు, బస్సుల్లో రావాలి. క్రేనువాడు పోతే పాడెకి నలుగురూ క్రేనువాళ్లే భుజం పట్టాలి, అది వాళ్ల ఆచారం. హుక్కు కింద పనిచేసిన భుజాలు కావాలని ముసలాయన బతికున్నప్పుడు ఇంట్లో గట్టిగా చెప్పి ఉంచాడట.

సన్యాసిరాజు తలూపాడు. ఆయన మెట్లు దిగే చప్పుడు ఆగేదాకా ఆగి, కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

ఇన్నేళ్లలో ఏ లింకూ ఇంత శ్రద్ధగా కట్టలేదు. కార్డు స్కాన్ చేశాడు. మొదటిసారి మసగ్గా వస్తే మళ్లీ చేశాడు. ముసలాయన ఫోటో చుట్టూ ఉన్న మరకలు తుడిచాడు. పేజీలో అన్నింటికన్నా పైన, ఎర్రటి పెద్ద అక్షరాలతో, మన అధ్యక్షులు అచ్యుతరామయ్యగారి అంతిమయాత్ర, కార్డు కోసం ఇక్కడ నొక్కండి అని రాశాడు. అక్షరాలు వెలిగి ఆరేలా చేశాడు. ఇదివరకు ఏ పండక్కో తప్ప అలా చేసేవాడు కాదు. ఊరంతా చూడాలి. క్రేను మీంచి అరిచినవాడు ఇక అరవడని గాజువాకలో తెలియాలి, మల్కాపురంలో తెలియాలి. 'ఇక్కడ' అన్న మాటని ఎంచి, ఫైలు చూపించే బొత్తాం నొక్కి, తన కంప్యూటర్లో డెస్క్‌టాప్ మీదున్న కార్డుని చూపించాడు. దారి దానంతటదే పడింది. పేజీని తన దగ్గరే ఒకసారి తెరిచి, వెలిగి ఆరుతున్న మాటని నొక్కాడు. ముసలాయన మొహం తెరనిండా వచ్చింది. పక్కన ముద్ర ఎర్రగా, స్పష్టంగా ఉంది. బాగుంది అని పైకే అన్నాడు. పేజీని నెట్టులోకి ఎక్కించి, తిరుమలరావుకి ఫోను చేసి అయిపోయిందన్నాడు. తిరుమలరావు పేజీ చిరునామాని గ్రూపులోకి తోశాడు.

మొదటి ఫోను కాసేపట్లోనే వచ్చింది. గాజువాక నుంచి ఉమాశంకర్ అనే సభ్యుడు. పేజీలో పేరు చూశానని, నొక్కితే కార్డు రావడం లేదని, సంగతి నిజమేనా అని అడిగాడు.

"నా దగ్గిర ఓపెనవతంది," అన్నాడు సన్యాసిరాజు. "నీ ఫోను సూసుకో."

నిజమో కాదో ఒక్క ముక్క చెప్పు చాలన్నాడు అవతలివాడు. కార్డు చూసి తెలుసుకో, రూలు నాను పెట్టలేదు, పోనాయనే పెట్టినాడు అని నోటిదాకా వచ్చింది. పోనాయన అంటే కబురు చెప్పినట్టే అవుతుంది. అంచేత, పేజీలో చూసుకో అని మాత్రం అని పెట్టేశాడు. ముసలాయన రూలుని ముసలాయన చావుకే వాడడంలో అతనికి నోరు తీపెక్కింది.

తర్వాత వరసగా వచ్చాయి. నొక్కుతుంటే ఉలుకూ పలుకూ లేదన్నవాడొకడు. తన మనవరాలి ఫోనులో కూడా చూశాననీ, రాలేదనీ అన్నవాడొకడు. అందరికీ అదే జవాబు. కంప్యూటరు వంక తిరిగి మళ్లీ నొక్కేవాడు, ముసలాయన మొహం మళ్లీ తెరనిండా వచ్చేది. వీళ్లవి చవక ఫోన్లు, వీళ్ల వేళ్లు మొరటువి, క్రేను హేండిల్ తిప్పినట్టు నొక్కుతారు, ఫోనెలా పనిచేస్తుంది అనుకున్నాడు. ఒక ఆడగొంతు కూడా వచ్చింది. కార్డు ఎవరికీ కనపడడం లేదంటున్నారండీ, ఒకసారి చూస్తారా అని మెల్లగా మొదలుపెట్టింది. అప్పటికి అతని ఓపిక ఆఖరికి వచ్చింది.

"నా దగ్గిర ఓపెనవతంది. ఎన్నిసార్లు సెప్పాల?" అని ఆవిడెవరో కూడా అడక్కుండా రిసీవరు దించేశాడు. ఎత్తి పక్కన పడేశాడు. అది బల్ల మీద కాసేపు కూసి, నోరు మూసుకుంది.

మధ్యాహ్నం పుష్ప కట్టిన అన్నం తిన్నాడు. ఆనపకాయ కూర. ఆనపకాయ తిననని పెళ్లైనప్పటినుంచీ చెబుతూనే ఉన్నాడు. తినడం మాత్రం మానలేదు. తిన్నాక గిన్నె మూత పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకున్నాడు. నిద్ర పట్టలేదు. ఏదో తక్కువైనట్టుంది. ఫేను తిరుగుతోంది. కింద కొట్టులో ఎవరో తాడు కొలుస్తున్నారు. అయినా ఏదో లేదు. బల్ల మీద తన సెల్‌ఫోను వంక చూశాడు, మళ్లీ చూశాడు. దేనికోసం చూస్తున్నాడో తెలియడానికి కాస్త సమయం పట్టింది. తెలిసినప్పుడు ఒళ్లు మండింది.

ముసలాయన ఫోను కోసం.

పేజీలో కొత్త లింకు పడితే చాలు, అరగంట తిరక్కుండా సెల్‌ఫోను మోగేది. అచ్యుతరామయ్య ఇంట్లో పడక్కుర్చీలో కూర్చుని ప్రతి లింకూ నొక్కి చూసేవాడు. క్రేను నడిపిన కాలంలో హుక్కు తగిలించాక ఒకసారి గట్టిగా లాగి చూసుకోందే బరువు లేపేవాడు కాదట. ఆ జబ్బు ఇక్కడికీ తెచ్చుకున్నాడు. తెరుచుకుంటే ఫోను లేదు. తెరుచుకోకపోతే, హలో కూడా ఉండదు, తిట్టు ఉంటుంది.

"ఏరా రాజూ, నీ ఇంట్లో బీరువాలో దాచుకుని, ఊళ్లోవాళ్లని తీసుకోమంటే ఎలా తీసుకుంటార్రా?"

సన్యాసిరాజు పళ్లు నూరుతూ పేజీ వెనక రాసిన దారి తెరిచి చూసేవాడు. తన కంప్యూటరు పేరూ, అందులో తన పేరూ, డెస్క్‌టాపూ, ఆ తర్వాత ఫైలూ. ఆ దారి ఈ గదిలో కూర్చున్నవాడికి తప్ప భూమ్మీద ఇంకెవరికీ లేదు. ముందరి ముక్క కొట్టేసి, ఫైలుని నెట్టులోకి ఎక్కించి, సరిచేసి, ముసలాయన్ని అమ్మా ఆలీ తిట్టుకునేవాడు. నెట్టులోంచి చూసుకోవాలంటే లైను నత్తలా నడుస్తుంది. తన దగ్గర చూసుకుని ఎక్కించేయడమే అతనికి అలవాటు. తప్పుంటే ఎలాగూ ఫోను వస్తుంది. తప్పులు చూసుకోవడం ముసలాయన పనిగా, చెయ్యడం తన పనిగా ఏళ్లు గడిచిపోయాయి. ఇద్దరూ ఒకరినొకరు అసహ్యించుకుంటూనే గడిపారు.

ఇవాళ ఫోను రాలేదు. రాలేదు కాబట్టి తెరుచుకుంటున్నట్టే అని అతని బుర్ర పొద్దుటినుంచీ లెక్క కట్టుకుని కూర్చుంది.

సన్యాసిరాజు కుర్చీలో నిటారుగా అయ్యాడు. అప్పుడే సెల్‌ఫోను మోగింది. ఒక్క క్షణం ఎంత పిచ్చి ఊహ వచ్చిందో అతను ఎవరికీ చెప్పుకోలేడు. తిరుమలరావు.

"దొరబాబు తప్ప మనోలు ఎవలూ రాలేదు రాజూ. కుర్సీలన్నీ కాళీ. బస్సుల్లో ఒత్తన్నారు గావాలనుకున్నాను. ఇప్పుడు ఫోన్లు సేత్తే, కార్డు ఓపెనవలేదు, అందుకే కదల్లేదంటన్నారు."

"నా దగ్గిర..." అని ఆగిపోయాడు.

"నీ దగ్గిర అయితే సరిపోద్దేటి? దొరబాబు సూపించినాడు. ఆ మాట మీద ఏలెట్టి అలాగే నొక్కి ఉంచితే నీ పేరొత్తంది. సన్యాసిరాజు, డెస్కుటాపు అని. పెసిడెంటుగారి సావు కింద నీ పేరేటి?"

సన్యాసిరాజు లైను కట్ చెయ్యకుండానే తన ఫోనులో సంఘం పేజీ తెరిచాడు. ఆ పేజీని ఫోనులో చూడడం అతనికి అదే మొదలు. ఎర్రటి అక్షరాలు చిన్న తెరమీద వెలిగి ఆరుతున్నాయి. నొక్కాడు. ఏమీ కాలేదు. వేలు తియ్యకుండా ఉంచాడు. తన పేరు వచ్చింది.

సరిచెయ్యడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందరి ముక్క కొట్టేసి, కార్డుని నెట్టులోకి ఎక్కించాడు. చేసి, ఇప్పుడు చూడమనండి, అందరికీ తెరుచుకుంటుంది అన్నాడు ఫోనులో. ఇప్పుడు చూసి ఏం చేస్తారని తిరుమలరావు అడిగాడు. నాలుగు దాటితే వర్జ్యం, అంతకన్నా ఆగమంటే పంతులు వెళ్లిపోతానంటున్నాడు. కూర్మన్నపాలెం నుంచి ఎవరూ అందుకోలేరు. ఆఫీసుకి ఫోను చేస్తే పొద్దున్నించీ కసురుకుంటున్నావట, తర్వాత ఎత్తడమే మానేశావట అన్నాడు. వెనకనించి ఆడవాళ్ల ఏడుపు సన్నగా వినిపించింది.

"కావాలని సేసినావా రాజూ?"

లేదని చెప్పడానికి నోరు తెరిచాడు. పొద్దున ఆ లింకు కడుతున్నప్పుడు తను ఎంత సంతోషంగా ఉన్నాడో గుర్తొచ్చింది. అంత సంతోషపడ్డ చెయ్యి, తెలియక చేసిందో తెలిసి చేసిందో, చేసినవాడికే గట్టిగా తెలియలేదు. తిరుమలరావు ఫోను పెట్టేశాక, ఖాళీ గదిలో, "నేదు," అన్నాడు. తను కూడా నమ్మలేదు.

అతనికి భయం వేసింది. ఉద్యోగం సంగతి మొదట గుర్తొచ్చింది, అబద్ధమెందుకు. సంఘంలో ఇక ఒక్క చెయ్యి కూడా తన వైపు లేవదు. కాని ఆ భయం వెనక ఇంకొకటుంది. తనకి ముసలాయనంటే గిట్టదని రేవులో అందరికీ తెలుసు. శవం మీద కసి తీర్చుకున్నాడంటారు. కసి తీర్చుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నా, ఇలా మాత్రం అనుకోలేదు. ఎదురుగా నిలబడి నలుగురిలో మాట అనాలని అనుకున్నాడు. ఆ మాట ఏమిటో ఎప్పుడూ తేల్చుకోలేదు.

గది తాళం వేసి ఆటో ఎక్కాడు. రేవు గోడ పొడుగునా ఆటో పోతుంటే, గోడ మీంచి క్రేన్ల మెడలు కనపడ్డాయి. ఏళ్ల తరబడి క్రేనువాళ్ల పేజీ చూస్తున్నాడు, ఒక్కసారి కూడా క్రేను ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ అనలేదు, అతనూ అడగలేదు. ఆటోవాడు ఏదో పాట పెడితే ఆపమని కసిరాడు. వాడు ఇంకాస్త పెంచాడు.

మల్కాపురంలో ఇరుకు సందు. అడ్డంగా షామియానా. సంఘంవాళ్ల కోసం వేసిన కుర్చీలు వరసలు వరసలుగా ఖాళీగా ఉన్నాయి. ఇరుగు పొరుగు మగవాళ్లు గోడవారగా నిలబడ్డారు. పాడె వాకిట్లో సిద్ధంగా ఉంది. మనిషి చనిపోయినా పెద్దగానే ఉన్నాడు, తెల్లటి బట్ట కింద పాదాలు వెదురు చివరికంటా వచ్చాయి. మూడు మూలల దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. తిరుమలరావు ఒకడు. వెనక సందులో ఉండి, ఏడుపు విని వచ్చిన ముసలి క్రేన్ డ్రైవరు ఒకడు. మూడోవాడు దొరబాబు. ఒకప్పుడు తన చావు తనే చూసుకున్నవాడు గనక, కార్డు తెరుచుకోకపోయినా అనుమానం తీర్చుకోడానికి స్వయంగా వచ్చిన ఒకే ఒక్క మనిషి అతను. నాలుగో మూల ఖాళీ. గోదావరి నుంచి వచ్చిన మేనల్లుడు కండువా బిగించి ముందుకి వచ్చాడు గాని, ముసలాయన భార్య గంగాభవాని లోపల్నించే వద్దందట. ఆయన మాట ఆయనది, ఇంకొకరు వస్తారు, ఆగండి అందట. పంతులు మాటిమాటికీ వాచీ చూస్తున్నాడు.

సన్యాసిరాజు షామియానా కిందికి వచ్చేసరికి అందరి చూపూ అతని మీద పడింది. ఎవరైనా ఏదైనా అని ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేవాడు. దొరబాబు మాత్రం పక్కకి ఉమ్మేశాడు.

ఇంట్లోంచి ఒక మనిషి బయటికి వచ్చింది. ముసలాయన కూతురు శ్రీసత్య. తండ్రి ఎత్తు, తండ్రి నుదురు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచినా గొంతు వణకలేదు.

"సన్యాసిరాజు గారంటే మీరేనా?"

"నాను కావాలని సెయ్యలేదమ్మా. ఆ దారి..." అని మొదలుపెట్టాడు.

ఆ గొంతు వినగానే ఆవిడ మొహం మారింది. అతనికీ ఆవిడ గొంతు అప్పుడే తెలిసింది. పొద్దున మెల్లగా అడిగిన ఆడగొంతు. తను విసురుగా రిసీవరు దించేసింది ఆవిడ మీదే. సన్యాసిరాజు కళ్లు దించుకున్నాడు. ఎన్నో ఏళ్ల తర్వాత, దాచుకోడానికి చోటు లేక, నలుగురి ముందు సిగ్గుపడ్డాడు.

"కావాలని చేశారా, తెలియక చేశారా అన్నది నాన్నకి ఇప్పుడు అక్కర్లేదండి," అంది శ్రీసత్య. "రావలసిన మనుషులు రాలేదు. మిమ్మల్ని వద్దనుకున్నారు ఆయన, నాకు తెలుసు. మీరే వచ్చారు. చెప్పులు విప్పండి."

తిరుమలరావు ఏదో అనబోయాడు. క్రేనువాడు కాదు కదమ్మా అనే కావచ్చు. ఆవిడ ఆయన వంక చూస్తే ఊరుకున్నాడు. లోపల్నించి గంగాభవాని ఈసారి ఏమీ అనలేదు.

సన్యాసిరాజు గేటు పక్కన చెప్పులు విడిచి, నాలుగో మూల దగ్గర నిలబడ్డాడు. ఎవరో అతని భుజం మీద తడి తువ్వాలు మడిచి వేశారు. గోవింద అన్నారు. లేపారు.

బరువు ఒక్కసారిగా మీద పడింది. కుర్చీలో కూర్చుని మెడ చాపి బతికినవాడి భుజం అది, ఏనాడూ ఏదీ మొయ్యలేదు. వెదురు ఎముక మీద కూర్చుంది. మిగతా ముగ్గురూ బరువులెరిగినవాళ్లు, అడుగులో అడుగు వేస్తున్నారు. అతని మూల దిగిపోతోంది.

"బుజం ఎత్తు," అన్నాడు దొరబాబు ముందునించి, తిరక్కుండా. "ఒరిగిపోతన్నాడు."

ఎత్తాడు. ఎండకి తారు కాలుతోంది. సందు మలుపులో చిన్న గులకరాయి పాదంలో దిగింది. ఆగడానికి లేదు. దించమనడానికి లేదు. చెవికి దగ్గర్లోనే ముసలాయన తల, ప్రతి అడుగుకీ కొద్దిగా కదులుతోంది. బతికున్నన్నాళ్లూ ఈ చెవిలోనే అరిచాడు. సన్యాసిరాజుకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. కంటి శిబిరం లింకు తెరుచుకోకపోతే ఫోను చేశాడు. పింఛను సర్క్యులరుకి చేశాడు. పిక్నిక్ ఫోటోలకి కూడా చేసి తిట్టాడు. చెయ్యవలసిన ఈ ఒక్కదానికీ చెయ్యలేదు. ఈ ఒక్కటీ నొక్కి చూసి ఉంటే ఏం పోయేది నీకు అని పళ్ల బిగువున అడిగాడు. పాడె మోసేవాడు ఏదో గొణుగుతుంటే దేవుడి పేరనుకున్నారు పక్కవాళ్లు.

శ్మశానంలో దించారు. మేనల్లుడు కొరివి పెట్టాడు. అప్పుడు, ఆలస్యంగా కార్డు తెరుచుకున్న ఇద్దరు ముగ్గురు సభ్యులు ఆటోల్లో దిగారు. రొప్పుతూ వచ్చి, కాలుతున్న కట్టెలకి దండం పెట్టి, సన్యాసిరాజుకి కాస్త దూరంగా జరిగి నిలబడ్డారు. తిరుమలరావు అతని దగ్గరికి వచ్చాడు. భుజం రుద్దుకుంటున్న అతని చెయ్యి వంక ఒకసారి చూసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఆపీసు తాళం ఇచ్చీ రాజూ. రేపట్నించి నువ్వు రావక్కర్నేదు."

సన్యాసిరాజు జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. వాదించలేదు. వాదించనందుకు తిరుమలరావే కాస్త కంగారుపడ్డాడు, ఏదో ఒకటి అంటాడేమోనని నిలబడ్డాడు. సన్యాసిరాజు వెనక్కి తిరిగి నడిచాడు. కుళాయి దగ్గర నీళ్లు నెత్తిన పోసుకుని, తడి తువ్వాలు పిండి గోడ మీద ఆరేసి, వెనక గేటులోంచి బయటపడ్డాడు. మిగిలినవాళ్లంతా దీపం చూడడానికి ముసలాయన ఇంటికి తిరిగి నడిచారు. అతనికి ఆ ఇంటి గుమ్మం ఎక్కే మొహం లేదు. కాళ్లు బొబ్బలెక్కి, వట్టి పాదాలతో, బస్సు స్టాపు దాకా రోడ్డు అంచున నీడ వెతుక్కుంటూ వెళ్లాడు.

మల్కాపురంలో ఇల్లు కడిగారు. నీళ్లు వాకిలి దాటి గేటు దాకా పారాయి. చీకటి పడేలోగా వచ్చినవాళ్లు వచ్చినట్టే ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని వెళ్లిపోయారు. గేటు పక్కన ఒక్క జత మిగిలింది, మడమల దగ్గర అరిగిన రబ్బరు చెప్పులు, ఎడమదాని పట్టీ ఊడకుండా కింద పిన్నీసు గుచ్చి ఉంది, తడి నేల మీద వీధి వైపు తిరిగి.